పిన్ని కథలకు కొత్త అచ్చు: పని డైరీ

జూన్

మా పిన్ని కథల సంపుటి 1999లో వచ్చింది. డెమీ సైజు, 160 పేజీలు, ఇరవై రెండు కథలు. కాపీలు ఏనాడో అయిపోయాయి. ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళుగా జిరాక్సులు తీయించి పోస్టులో పంపుతూ వచ్చింది. ఈసారి కొత్తగా వేయిద్దామని నేనూ తమ్ముడూ పట్టుబట్టాం. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం చేతికి రావాలి. దాంతోపాటే ఫోన్‌లో చదువుకునేందుకు ఈబుక్ కూడా. ఇలాంటి పని తలపెట్టేవాళ్ళు ఇంకొందరు ఉంటారు కాబట్టి, ఏ దశలో ఏం చేశామో ఎప్పటికప్పుడు రాసి పెడుతున్నాను.

పాత పుస్తకంలో పేజీకి 33 లైన్లు. కాగితం ఖర్చు తగ్గించాలని పది ఫారాల్లో (ఫారం అంటే పదహారు పేజీలు) సర్దేశారు. దాంతో పై లైనులోని వత్తులు కింది లైనులోని గుడి దీర్ఘాలకు తగులుతున్నాయి. ‘స్త్రీ’ కింద ‘కీ’ వచ్చిందంటే రెండూ కలిసి ఒక కొత్త అక్షరంలా కనిపిస్తాయి. అరవై దాటినవాళ్ళు రెండు కథలు చదివి పక్కన పెట్టేస్తారు. పిన్ని కథలు చదివేది ఎక్కువగా ఆ వయసువాళ్ళే.

మనం కొత్త రూపు అనగానే ముఖచిత్రం, రంగులు, బొమ్మలు అనుకుంటాం. ఈ పుస్తకానికి ముందు కావలసింది లైన్ల మధ్య ఖాళీ. ఇంగ్లీషు అక్షరం చాలావరకు గీత మీదే కూర్చుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. ఇంగ్లీషు పుస్తకం కొలతలు తెచ్చి తెలుగు పేజీ మీద వేస్తే మన అక్షరాలకు ఊపిరాడదు.

పిన్ని ఒక్క షరతే పెట్టింది. “హంగులన్నీ మీ ఇష్టం. కథలో మాట మాత్రం ముట్టుకోవద్దు.”

జూన్ చివర

పాత పుస్తకం పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ళున్న సీడీ పిన్ని బీరువాలో దొరికింది, తెరుచుకుంది కూడా. అన్నీ అను ఫాంటులో ఉన్నాయి. ఆ రోజుల్లో డీటీపీ అంతా అలాగే నడిచేది. అందులో కంప్యూటర్‌కి తెలిసింది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల స్థానాల్లో పెట్టిన తెలుగు ముక్కల బొమ్మలు. ఫాంటు తీసేస్తే పేజీ నిండా పిచ్చిగీతలే. అందులో ఒక మాట వెతకలేం, ఫోన్‌లో చదవలేం, ఇంకో ఫాంటులోకి మార్చలేం. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లలో విడిగా ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది, 128 స్థానాలు కేటాయించారు. అయినా అచ్చు రంగం ఇటు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి పని సులువు చేస్తాయి గానీ పూర్తి చేయవు. అను పద్ధతిలో కంటికి కనిపించే వరసలోనే టైపు చేస్తారు కాబట్టి క్రావడి (‘క్ర’లో ఉండే ర వత్తు) అక్షరానికి ముందే ఉంటుంది. యూనికోడ్‌లో అది అక్షరం తర్వాత రావాలి. చాలాచోట్ల సరిగ్గానే మారింది. రెండు వత్తులున్నచోట తడబడింది. ‘రాష్ట్రం’, ‘శాస్త్రి’, ‘వస్త్రం’ అన్నిటినీ విడిగా వెతికి దిద్దాను.

అంతకంటే కనిపెట్టడం కష్టమైనది సున్న. కొన్ని కథల్లో పూర్ణానుస్వారం బదులు తెలుగు అంకె సున్న పడింది. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం ‘పంట’ వేరు, ‘ప౦ట’ వేరు. వెతికితే దొరకదు, ఫోన్ చదివి వినిపించేటప్పుడు మధ్యలో ‘సున్నా’ అంటుంది. అక్షరాల మధ్య ఇరుక్కున్న అంకెలను ఒకేసారి పట్టి మార్చేశాను. పాత ఫైళ్ళతో పని చేసేవాళ్ళు ముందు ఇది చూసుకోండి.

ఇక ఇంగ్లీషు మాటలు. ‘హాల్‌లో’ అని ఉండాల్సింది, ఏమీ చేయకపోతే ‘హాల్లో’ అయిపోతుంది. పొల్లు తర్వాత వచ్చిన హల్లు వత్తుగా మారడం మన లిపి స్వభావం. అక్కడ ఆపాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెట్టాలి. అయితే అది అక్కర్లేనిచోట మిగిలిపోకూడదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’లో ఈ గుర్తు ఇరుక్కుంటే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు మూతబడిపోయేవి. ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. ఇప్పుడా భయం లేదు. అయినా పుస్తకం మొత్తంలో ఈ గుర్తు ఉన్న ప్రతిచోటూ చూసి, అవసరమైనవే ఉంచాను.

జులై

ప్రూఫులు దిద్దడానికి బాపట్ల వెళ్ళాను. పిన్ని ఒక పాత ట్రంకుపెట్టె తీసి, వారపత్రికల్లో పడ్డ తన కథల కత్తిరింపులు మంచం మీద పరిచింది. పత్రికలో పడ్డ కథనీ పుస్తకంలో ఉన్న కథనీ పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాం. నేను ఒకటి చదువుతుంటే తను రెండోది చూసేది.

నాలుగో కథ దగ్గర ఆగిపోయింది.

“మళ్ళీ చదువమ్మా.”

పుస్తకంలో ఉన్నది చదివాను. “ఏమిటబ్బాయీ, పొద్దుపోయాకా రావడం?”

పత్రికలో ఉన్నది తను చదివింది. “ఏందబ్బాయ్, పొద్దుగూకినాకా రావటం?”

1999లో కంపోజ్ చేసిన చోట ఎవరో మాటలన్నీ సాపు చేసేశారు. వాళ్ళు దాన్ని తప్పులు దిద్దడం అనుకుని ఉంటారు. ఆ ఒక్క కథలోనే కాదు, పల్లెటూరి మనుషులు మాట్లాడే ప్రతిచోటా ‘ఏంది’ ‘ఏమిటి’ అయింది, ‘వస్తన్నా’ ‘వస్తున్నాను’ అయింది. “మా పాలావిడ ‘ఏమిటి’ అని ఏనాడూ అనలేదే. అప్పట్లో చూసి కూడా నోరెత్తలేకపోయా, పుస్తకం అచ్చయిపోయింది కదా” అంది పిన్ని.

అప్పటిదాకా ఇది ఫాంట్లూ మార్జిన్ల పని అనుకున్నాం. ఆ రోజు నుంచి పని వరస మారింది. మొదట పాత్రల గొంతు వెనక్కి తేవాలి, అలంకారం ఆ తర్వాత. రెండు కథలకు కత్తిరింపులు లేవు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం పాత పత్రికల్లోని తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేరుస్తూ వస్తోంది. వాళ్ళు స్కాన్ చేసి పెట్టిన వాటిలో ఆ రెండూ దొరికాయి. పాత కథలు మళ్ళీ వేయాలనుకునేవాళ్ళు చేతిలో ఉన్న పుస్తకం ఒక్కటే నమ్ముకోవద్దు. మొదట అచ్చయిన ప్రతి ఎక్కడుందో వెతకండి.

వర్ణక్రమం గురించి కూడా అక్కడే తేల్చుకున్నాం. పత్రికలవాళ్ళు ఇప్పుడు ‘పెళ్లి’, ‘వాళ్లు’ అని ళ కింద ల వత్తు వేస్తున్నారు. పిన్ని చేతిరాతలో అన్నీ ‘పెళ్ళి’, ‘వాళ్ళు’. పుస్తకమంతా ఆవిడ పద్ధతే. ఏది వాడినా పరవాలేదు, ఒకే పుస్తకంలో రెండూ కనిపించకూడదు.

ఆగస్టు

ఫాంటు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

పదేళ్ళ కిందటితో పోలిస్తే ఇప్పుడు ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి, సురన్న, పెద్దన, గిడుగు, రామభద్ర వంటివి ఉన్నాయి. గూగుల్ నోటో సెరిఫ్ తెలుగు ఉంది, టిరో తెలుగు ఉంది. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి కాబట్టి పుస్తకం అచ్చువేసి అమ్ముకోవచ్చు, ఈబుక్ లోపల కూడా పెట్టుకోవచ్చు. ఈ సంగతి ముందే చూసుకోవాలి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంటు వాడి తర్వాత ఇబ్బంది పడటం ఎందుకు?

ఫాంటు పేరు చూసో, శీర్షిక ఒకటి టైపు చేసి చూసో ఎంచుకోకూడదు. ఒక పరీక్ష పేజీ తయారు చేసుకున్నాను. సగం పేజీ పిన్ని కథలోని సంభాషణ. దాని కింద కష్టమైన మాటలు: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞాపకం, ఊర్ధ్వ, ఉచ్ఛ్వాస, సంస్కృతి, సాఫ్ట్‌వేర్. ఈ పేజీని ఒక్కో ఫాంటులో లేజర్ ప్రింటు తీసి, వెనక ఫాంటు పేరు రాసి, పేరు కనపడకుండా ఇంట్లో వాళ్ళందరికీ ఇచ్చాను.

తెర మీద నచ్చింది కాగితం మీద నచ్చకపోవచ్చు. మండలి ఫోన్‌లో హాయిగా ఉంది. కాగితం మీద పేజీల కొద్దీ చదివేసరికి గీతంతా ఒకే మందంలో ఉండి కొంచెం విసుగు పుట్టించింది. రామభద్ర చాలా లావు, అది శీర్షికల కోసం చేసిందే. ఇంకో సంగతి, 12 పాయింట్లు అంటే అన్ని ఫాంట్లలోనూ ఒకే సైజు కాదు. ఒకదానిలో 12 పెద్దగా కనిపిస్తే ఇంకోదానిలో అదే 12 చీమతలలా ఉంటుంది. అందుకని అంకె చూడకుండా, ‘అ’ అక్షరం ఒకే ఎత్తు వచ్చేలా సరిచేసుకుని పోల్చాను.

చివరికి పుస్తకానికి టిరో తెలుగు తీసుకున్నాం. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళ మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే ప్రాచీన భారతీయ గ్రంథాల వరస కోసం చేసిన అచ్చు నుంచి వచ్చిన ఫాంటు ఇది. 2015లో ఆ వరసలో వచ్చిన మొదటి పుస్తకాల్లో పెద్దన మనుచరిత్ర ఒకటి. సన్న గీత, లావు గీత తేడా ఉండటం వల్ల పాత పుస్తకాల కళ వస్తుంది. వత్తులు చిన్నబోకుండా, ఏది ఏ అక్షరానికో తెలిసేలా ఉన్నాయి. ‘ఉచ్ఛ్వాస’లో మూడంతస్తులూ విడివిడిగా కనిపించాయి. పిన్ని కూడా పేరు చూడకుండా అదే పేజీ పక్కకి తీసింది.

ఈ ఫాంటులో బోల్డ్ లేదు. కథలకి బోల్డ్ అవసరమూ లేదు. పాత పుస్తకంలో పాత్రలు రాసుకున్న ఉత్తరాలను పక్కకి వాల్చిన అక్షరాల్లో వేశారు. తెలుగులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు, కంప్యూటర్ బలవంతాన వంచిన అక్షరం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఉత్తరాలన్నిటికీ ఎడమపక్క మార్జిన్ కొంచెం పెంచి, పైనా కిందా ఒక లైను ఖాళీ వదిలాం. ఉత్తరమని చూడగానే తెలుస్తోంది.

సెప్టెంబర్

పేజీ కొలతలు. అక్షరం 12.5 పాయింట్లు, లైనుకీ లైనుకీ మధ్య 19 పాయింట్లు. పేజీకి 26 లైన్లు వచ్చాయి. పుస్తకం 160 నుంచి 208 పేజీలకు పెరిగింది, అంటే పది ఫారాలు పదమూడయ్యాయి. తమ్ముడికి ఖర్చు టెన్షన్ పట్టుకుంది. లెక్క వేస్తే కాపీకి పెరిగేది మరీ ఎక్కువేం కాదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాక వాడే సరేనన్నాడు.

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్ళకి ఒక మాట. మామూలు పేరాగ్రాఫ్ కంపోజర్‌తో తెలుగు వత్తులు ముక్కలైపోతాయి. వరల్డ్ రెడీ కంపోజర్‌కి మార్చుకుంటే అన్నీ వాటి చోట పడతాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగు జోలికి మాత్రం పోవద్దు.

రెండు వైపులా సమంగా సర్దితే తెలుగులో ఇంకో చిక్కు. మన మాటలు పొడవు. ‘చెప్పుకోలేకపోతున్నానని’ లాంటి మాట లైను చివర పట్టకపోతే మొత్తంగా కిందికి దిగుతుంది, పై లైనులో మాటల మధ్య పెద్ద గండ్లు పడతాయి. విరిస్తే గానీ కుదరదు. ఎక్కడ విరవాలన్నది సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకుండా, గండి పడ్డ లైన్లన్నీ చూసి, చదివేటప్పుడు నోరు సహజంగా ఆగేచోట చేత్తో విరిచాను. ‘చెప్పుకోలేక-’ దగ్గర విరిస్తే బాగుంటుంది, ‘చెప్పుకోలే-’ దగ్గర విరిస్తే చదివేవాడు తడబడతాడు. ఓపిక కావాలి. నాకు ఈ పనిలో కథలన్నీ ఇంకోసారి నెమ్మదిగా చదివే వీలు దొరికింది.

కథ మొదటి అక్షరాన్ని పెద్దగా, మూడు లైన్ల లోతున వేయాలని తమ్ముడి కోరిక. వేసి చూశాం. ‘అ’తో మొదలయ్యే కథకి అందంగా ఉంది. ఒక కథ ‘స్త్రీలందరూ’ అని మొదలవుతుంది. అక్కడ ఆ పెద్ద అక్షరం వత్తులు నాలుగో లైనులోకి దిగి అక్కడున్న మాటను తొక్కేశాయి. ఒక కథకి పెట్టి ఒక కథకి పెట్టకపోవడం బాగోదు. అందుకని ప్రతి కథలోనూ మొదటి రెండు మూడు మాటలు కాస్త పెద్ద సైజులో వేసి ఊరుకున్నాం.

అక్టోబర్

శీర్షికలు ఫాంటులో వద్దని నేను మొదటి నుంచీ అంటున్నాను. తెలుగు వారపత్రికల్లో కథ పేరు చిత్రకారుడే చేత్తో రాసేవాడు. బాపు గీసిన బొమ్మ పక్కన బాపు రాసిన అక్షరాలుండేవి. ఆ చేతిరాతను జనం ఎంత ఇష్టపడ్డారంటే, తర్వాత అది ఫాంటుగా కూడా వచ్చింది. చందమామలో వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు దాచుకున్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు కథకి బొమ్మా, చేతిరాతా పుట్టుకతో వచ్చిన తోడు. దాన్ని వదులుకుని ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో పెట్టుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

విశాఖలో చిత్రకళ నేర్పే స్నేహితురాలు ఒకామె ఉంది. కథలన్నీ చదివాకే బ్రష్షు పట్టుకుంటానంది. ప్రతి శీర్షికా ఇండియన్ ఇంకుతో రాసి స్కాన్ చేసి పంపింది. కోపం మీద నడిచే కథకి తలకట్లు పదునుగా, గీతలు గరుగ్గా ఉన్నాయి. ముసలామె కథకి అక్షరాలు కొంచెం వణికాయి. బొమ్మలు కథకొకటి కాకుండా, బొమ్మ అడుగుతున్న కథలకే వేసింది. అది మంచి నిర్ణయం.

ముఖచిత్రం దగ్గర పిన్ని గట్టిగా నిలబడింది. పాత పుస్తకం మీద కిటికీ పక్కన కూర్చుని దిగులుగా చూస్తున్న ఆడమనిషి బొమ్మ ఉండేది. ఆడవాళ్ళు రాసిన కథలంటే చాలామంది ప్రచురణకర్తలకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. “నా కథల్లో ఎవరూ కిటికీ పక్కన కూర్చోలేదమ్మా. అందరికీ బోలెడు పనులున్నాయి” అంది. కథల్లో చాలాసార్లు వచ్చే వస్తువు బావి. చివరికి ముఖచిత్రం మీద గిలక, చేద తాడు, ఆ తాడు లాగుతున్న రెండు చేతులు వచ్చాయి. ముదురు ఇటుక రంగు నేల, పైన తెల్లటి చేతిరాతలో పేరు. ముఖచిత్రాన్ని ఫోన్‌లో బొటనవేలంత సైజుకి తగ్గించి చూశాం. పేరు చదవగలిగాం.

వెన్ను సుమారు 11 మిల్లీమీటర్లు వస్తుంది. దాని మీద పేరును పై నుంచి కిందికి తిప్పి వేశాం. అక్షరం కింద అక్షరం పేరిస్తే గుణింతాలూ వత్తులూ విడిపోయి చదవడానికి వీలుండదు.

నవంబర్

ఈబుక్. ఎక్కువ సమయం పడుతుందనుకున్నాం గానీ, యూనికోడ్ శుభ్రంగా ఉండేసరికి తొందరగానే అయింది. ఫైలులో భాష తెలుగు అని చెప్పాలి, ఫాంటు లోపలే పెట్టాలి, లైన్ల ఎత్తు అక్షరం సైజుకి 1.7 రెట్లు ఉండాలి. ఎడమవైపు మాత్రమే సమంగా సర్దాం. ఫోన్ వెడల్పుకి రెండువైపులా సర్దితే గండ్లే గండ్లు. ఇక్కడ ఫాంటు నోటో సెరిఫ్ తెలుగు, ఎందుకంటే టిరోలోని సన్న గీతలు చవక ఫోన్ల తెర మీద మాయమవుతున్నాయి. కాగితానికి ఒకటి, తెరకి ఒకటి వాడటంలో తప్పేం లేదు.

కొత్త ఫోన్లో చూసి సరిపెట్టుకోలేదు. పిన్ని పాత ఆండ్రాయిడ్‌లో, అక్షరం సైజు బాగా పెంచి, రాత్రిపూట నల్ల తెర పెట్టి, అన్ని కథలూ ఒకసారి తిప్పాం. ఫైలులో మనం చెప్పిన లైను ఎత్తును పట్టించుకోని యాప్‌లు కొన్ని ఉన్నాయి. వాటిలో చివరి లైను వత్తులు అడుగున తెగిపోయాయి. పేరాల కింద కొంచెం అదనపు ఖాళీ ఇస్తే అది సర్దుకుంది.

పిన్ని స్నేహితురాలు ఒకావిడకి చూపు బాగా తగ్గింది. ఫోన్ చదివి వినిపించే సౌకర్యంతో మొదటి కథ పెట్టి ఇచ్చాం. యంత్రం గొంతే, విరుపులు సరిగ్గా లేవు. అయినా ఆవిడ ఆపనివ్వలేదు, రెండో కథ కూడా విన్నారు. “ఏందబ్బాయ్” దగ్గర నవ్వారు.

డిసెంబర్

ప్రెస్సులో నమూనా ఫారం తీయించాం. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) తెల్ల కాగితం మీద వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపించాయి. 80 జీఎస్ఎమ్ నేచురల్ షేడ్‌కి మారాం. కళ్ళకి హాయిగా ఉంది, సన్న గీతలు కూడా బాగా దిగాయి. అట్టకి మ్యాట్ లామినేషన్, 300 జీఎస్ఎమ్ ఆర్ట్ బోర్డు. పుస్తకానికి గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్ వచ్చింది, మన దేశంలో దానికి డబ్బు కట్టక్కర్లేదు.

చివరి ప్రూఫు పిన్ని పెన్సిల్ పట్టుకుని మొత్తం చదివింది. ఇంకా పదకొండు చోట్ల ‘డం’ని ‘టం’ చేయించింది. ఒక కథ చివరి వాక్యంలో కామా తీసేసింది. అది తన హక్కు.

హక్కుల పేజీలో కథలు మొదట ఏ పత్రికలో ఎప్పుడు వచ్చాయో వరసగా ఇచ్చాం. అక్షరాలు ఏ ఫాంటువో, శీర్షికలు ఎవరి చేతిరాతో, కత్తిరింపులు ఎక్కడ దొరికాయో కూడా వేశాం. తెలుగు పుస్తకాల్లో ఈ వివరాలు అరుదుగా కనిపిస్తాయి, అందరూ వేస్తే బాగుంటుంది.

వెల 200 రూపాయలు, మొదటి విడత 500 కాపీలు. ఫైలు ప్లేట్లకి వెళ్ళింది. ఈబుక్ కూడా పుస్తకంతో పాటే జనవరి మొదటి వారంలో విడుదల చేస్తున్నాం.